బతికున్న పురుగు, ఉడికిన పురుగు

మా జువాలజీ సార్ పోయారని సోమవారం పొద్దున తిరుత్తణి స్టేషన్లో దిగగానే కాలేజీ వాచ్‌మన్ చెప్పాడు. నిద్రలోనే పోయారట, ఏ బాధా పడలేదట. ఏడుపు వచ్చిన మాట నిజమే. ఆ చివరి మాట విన్నాక మాత్రం మనసు కాస్త కుదుటపడింది.

పదకొండేళ్లు ఆయన ల్యాబులో నేను అటెండరును. ఆయనకు ఒకటే పిచ్చి, వాలుగ చేపల లోపల ఉండే పురుగులు. పూండి చెరువు నుంచి బతికున్న చేపలు తెప్పించి, కోసి, పేగులూ, చేపను నీళ్లలో తేల్చే గాలితిత్తీ గాలించి, దొరికిన పురుగును ఉప్పునీళ్లలో వేసుకుని మురిసిపోయేవారు. నేను ముఖం చిట్లిస్తే, "దాన్నెందుకయ్యా అసహ్యించుకుంటావు? దాని ఇంట్లో అది ఉండాది. తలుపు తీసింది మనమే గదా" అనేవారు. కోసిన చేప మాంసం నాది. అది మా ల్యాబు ఆచారం. కాకపోతే ఆయన కోసి, చూసి, చేతులు కడుక్కున్నాకే నేను అరిటాకులో కట్టుకోవాలి.

ఒక శుక్రవారం ఆయన రైలు ఆలస్యమైంది. తొట్టిలో నాలుగు చేపలున్నాయి. ఇంటి దగ్గర నా భార్యకు ఏడో నెల, చేపల పులుసు మీద మనసుపడి వారమైంది. ఒకటి తగ్గితే ఆయనకేం తెలుస్తుందిలే అని చిన్నదాన్ని కోయకుండానే సంచిలో వేసుకున్నాను. కడంబత్తూరులో మా ఇంటికి చేరాక ఆమె పేగులు పారేసింది గానీ, గాలితిత్తిని పులుసులోనే వేసింది. మా ఇద్దరికీ అదంటే ఇష్టం.

మర్నాడు సార్ మిగిలిన మూడింటినీ కోశారు. ప్రతి గాలితిత్తిలోనూ తమలపాకు చిగురంత నల్లటి పురుగు, ముడుచుకుంటూ, సాగుతూ. మేం తిన్న గాలితిత్తి గుర్తొచ్చింది. సాయంత్రం ఇంటికి వెళ్లి, నోరు మూసుకోవాల్సింది పోయి, భార్యకు మొత్తం చెప్పేశాను. అంత తెలివైనవాణ్ణి. తను ఏం తిన్నా ఆ పురుగు బలిసి బిడ్డ మీదికి పోతుందని ఆమెకు భయం పట్టుకుంది. ఇక మెతుకు ముట్టలేదు.

ఆదివారం పొద్దున్నే తిరువళ్లూరులో సార్ ఇంటికి పరుగెత్తి, దొంగతనంతో సహా ఒప్పుకున్నాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. ఆయన తిట్టలేదు. పులుసు ఏమైనా మిగిలిందా అని మాత్రం అడిగారు. కుండ అడుగున ఉందన్నాను. చొక్కా తొడుక్కుని, ముందురోజు ల్యాబు నుంచి తెచ్చుకున్న బతికున్న పురుగు సీసా పట్టుకుని నాతో రైలెక్కారు.

మా వాకిట్లో కూర్చుని రెండు పళ్లేలు తెప్పించుకున్నారు. ఒకదానిలో సీసాలోని పురుగును వదిలారు. కుండలో వెతికి, గాలితిత్తి ముక్కను బ్లేడుతో చీల్చి, లోపల ఉడికి ముడుచుకుపోయినదాన్ని తీసి రెండోదానిలో పెట్టారు. నా భార్య చేతికి చీపురుపుల్ల ఇచ్చారు.

"నా మాట నమ్మబాకమ్మా. నువ్వే పొడిచి చూడు."

బతికున్నది చటుక్కున ముడుచుకుంది. ఆమె ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. తర్వాత ఉడికినదాన్ని పొడిచింది. కదల్లేదు. తిరగేసి మళ్లీ పొడిచింది. అలా చాలాసేపు పొడుస్తూనే ఉంది. సార్ తొందరపెట్టలేదు.

"నిప్పు మీద అంతసేపు ఉడికినాక ఇంక యాడికి పోతాది తల్లీ?" అన్నారు చివరికి.

ఆమె పుల్ల కింద పెట్టింది. "ఆకలేస్తా ఉండాది సార్" అంది.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ కడుపులోని బిడ్డ ఇప్పుడు మూడో క్లాసు చదువుతోంది. దొంగతనం మాట సార్ మళ్లీ ఎత్తలేదు. మరుసటి శుక్రవారం నుంచి మాత్రం నాకిచ్చే చేపనే ముందు కోసేవారు.

ఆ రోజు పాత పులుసు తినొద్దన్నారు సార్. అన్నం, మజ్జిగ, ఊరగాయ తెచ్చి పెట్టాను. ఆయన ముందు తినడానికి ఆమె సిగ్గుపడుతుంటే, స్టూలును వీధి వైపు తిప్పుకుని మాకు వీపు పెట్టి కూర్చున్నారు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయి ఉంది. కంచంలో చేతి చప్పుడు ఆగినప్పుడల్లా, తల తిప్పకుండానే, "ఇంకొంచెం పెట్టించుకో తల్లీ" అంటున్నారు.