వాడిందంతా దాహం కాదు

రాత్రి వాన వెలిసింది. పొద్దున మా వీధి మోరీల వెంట బ్లీచింగ్ పౌడరు చల్లుకుంటూ మునిసిపాలిటీ బండి వెళ్ళింది. తలుపు తీయగానే ఆ ఘాటు ముక్కుకు తగిలింది. పక్కింటావిడ కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను గడప మీదే నిలబడ్డాను. నా మటుకు ఆ వాసన మోరీది కాదు. కోడేరు దగ్గర ఒక ఆలుగడ్డ చేనుది, ఆ చేలో గట్టు మీద నిలబడి మాట్లాడుతున్న రామచంద్రం సేటుది.

సేటు వనపర్తిలో ఎరువులు, పురుగుమందులు అమ్మేవాడు. నేను ఆయన దుకాణంలో తూకం వేసి రసీదులు రాసేదాన్ని. చేరేనాటికే నాకు యాభై దాటాయి. ఆయన నాకన్నా చిన్నవాడు. నన్ను అక్కా అనేవాడు, కానీ తూకం ఒక పిసరు తేడా వస్తే అక్క అని చూసేవాడు కాదు. నాకూ అదే కావాలి. చిన్నప్పటి నుంచీ నాకు తేదీలూ లెక్కలూ సరిగ్గా ఉండాలి. ఇంట్లో వాళ్ళు దాన్ని చాదస్తం అనేవారు. దాన్ని ఒక పనితనంగా చూసిన మొదటి మనిషి ఆయనే.

ఆ దుకాణానికి ఒక కట్టుబాటు ఉండేది: మొక్కను వేరుతో, వేరుకు అంటిన మట్టితో తేవాలి. చూడకుండా మందు ఇచ్చేవాడు కాదు. ఒకసారి గద్వాల వైపు రైతు ఒకాయన జేబులోంచి ఎండుటాకు ఒకటి తీసి గల్లా బల్ల మీద పెట్టాడు.

"దీనికేమన్న ఇయ్యి సేటూ."

"దవాఖానకు నువ్వు పోతవా, నీ గోరొక్కటి తోలిస్తవా?"

"నలభై మైళ్ళు వచ్చిన, జర చూడరాదె."

"ఆకును చూసిన. ఎండింది. ఎందుకెండిందో వేరుకు తెలుసు, ఆకుకు తెల్వదు."

ఆ మనిషి గొణుక్కుంటూ ఎదురు దుకాణానికి వెళ్ళి ఏదో సీసా కొనుక్కుని పోయాడు. "పొయ్యే బేరం పోనీ అక్కా," అన్నాడు సేటు. ఆయన పొగరుకు అలా అన్నాడనుకున్నాను. బాలమ్మ వచ్చేదాకా నాకు సంగతి బోధపడలేదు.

బాలమ్మది కోడేరు పక్క పల్లె. ఎత్తిపోతల కాలువ వచ్చాక ఒక ఆసామి దగ్గర మడి కౌలుకు పట్టి, మా వైపు ఎవరూ పెద్దగా వేయని ఆలుగడ్డ వేసింది. కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చిన వారం, సంత రోజు, గోనెసంచిలో నాలుగు మొక్కలు వేర్లతో తెచ్చింది. ఆకులు పచ్చగానే ఉన్నాయి, కానీ తలలు వేలాడేశాయి.

"గట్టి మందియ్యి సేటూ. రెండు దుకాణాలల్ల తెచ్చి కొట్టిన, ఆగలే. ఈ పంట పోతే ఆసామి మడి ఇంకొగనికి ఇస్తనంటుండు. నాకు వేరే భూమి లేదు."

"నీళ్ళెట్ల పెడుతున్నవ్?"

"వాడుతుంటే పెట్టనా? రోజూ పెడుతున్న. కాలువ నీళ్ళు, కొదవేంది?"

సేటు గాజు గ్లాసులో తేట నీళ్ళు తెప్పించాడు. ఒక కాండాన్ని మొదలు దగ్గర కోసి, కోసిన కొస నీళ్ళలో మునిగేలా పట్టుకున్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ కోత నుంచి తెల్లగా, దారంలా, పాలలాంటిది కిందికి జారింది. బాలమ్మ గ్లాసులోకి వంగి చూసింది.

"ఇది దాహం కాదు బాలమ్మా. కంటికి కనపడని పురుగు. లోపలి నరాలు పూడ్సింది, నీళ్ళు పైకి పోతలేవు. నువ్వు పెట్టే నీళ్ళే దాన్ని ఈ సాలు నుంచి ఆ సాలుకు మోస్తున్నయి."

"మరి మందు?"

"వాడిన చెట్టుకు లేదు. నిలబడ్డదానికి ఉంది. అదీ తగ్గిస్తది, మాన్పదు."

"మందుల దుకాణం పెట్టుకొని మందు లేదంటవేంది?" అంది బాలమ్మ. కళ్ళలో నీళ్ళున్నా ఆ మాటలో ఎకసెక్కం ఉంది. సేటు నవ్వి, షట్టరు దించి, తరాజు పట్టుకుని నన్నూ రమ్మన్నాడు.

చేలో పై భాగమంతా తలలు వాల్చేసింది. కింది భాగం నిలబడే ఉంది. పై నీళ్ళు కిందికి దిగకుండా సేటు రెంటికీ మధ్య సాళ్ళను మట్టితో పూడ్పించాడు. వాడిన ప్రతి మొక్కనూ మట్టితో సహా పెకిలించి సంచిలో వేయమన్నాడు. కాలువలో పారేస్తే కింది రైతుకు పంపినట్టేనన్నాడు. పెకిలించిన గుంతల్లో బ్లీచింగ్ పౌడరు, వాడకుండా ఉన్న అంచు మొక్కల మొదళ్ళలో లీటరుకు మూడు గ్రాముల చొప్పున కలిపిన కాపర్ ఆక్సీక్లోరైడ్ నీళ్ళు. రెండూ ఒక బకెట్లో కలవకూడదు. తూచే పని నాది.

"చారెడు ఏస్తే పోదా?" అంది బాలమ్మ.

"ఎవరి చారెడు, నీదా అక్కదా?" అన్నాడు సేటు. "ఎక్కువైతే వేరు కాలుతది, తక్కువైతే పురుగు నవ్వుతది."

వరస చివర ఒక మొక్క దగ్గర బాలమ్మ చేయి ఆగిపోయింది. "ఇది నిలబడే ఉంది కద సేటూ."

"దానికి రెండు దిక్కులా వాడినయి. తియ్."

ఆమె కళ్ళు మూసుకుని లాగింది. వేరుకు గోళీలంత గడ్డలు వేలాడుతున్నాయి. ఒకదాన్ని సేటు కోసి చూపించాడు. లోపల అప్పటికే రోగం చుట్టిన గోధుమరంగు ఉంగరం.

పెకిలించడం కన్నా కష్టమైన పని మధ్యాహ్నం వచ్చింది. ఎండకు కింది మొక్కలు కూడా కొంచెం తలలు వంచాయి. బాలమ్మ పార పట్టుకుని, నీళ్ళు వదలడానికి మడవ దగ్గరికి వెళ్ళింది.

"ఆగు, సల్లబడ్డంక చూద్దాం," అన్నాడు సేటు గట్టు మీది నుంచే. "మన పెద్దలు నీళ్ళు లేక వలసపోయిండ్రు. అందుకే ఏది వాడినా మన కంటికి దాహమే అగుపిస్తది. అది మన తప్పు కాదు. కానీ చెట్టుకు మన కథ తెల్వదు."

ఆమె వినేలా లేదు. నేను వెళ్ళి పార అడిగాను. నా ముఖంలోకి చూసి ఇచ్చింది. సాయంత్రం నీడ పడ్డాక కింది మొక్కలు వాటంతట అవే లేచి నిలబడ్డాయి. బాలమ్మ గట్టు మీద కూర్చుని వాటినే చూస్తూ, "నీళ్ళు తాగకుండనే లేసినయి," అంది.

తర్వాత అంచులో కొన్ని పోయాయి. వాటినీ అలాగే తీసేసింది. కింది భాగం గడ్డ దిగింది. ఆసామి మడి ఇంకొకరికి ఇవ్వలేదు. మరుసటి పంటకు ఆ నేలలో ఆలుగడ్డ, టమాట, వంగ, మిరప ఏదీ వద్దని సేటు చెబితే జొన్న వేసింది. ఆ జొన్నలు దుకాణానికి తెచ్చి, "వేరుతో తేలే, ఏమనకు," అంది.

సేటు పోయి కొంతకాలమైంది. దుకాణం ఇప్పుడు వేరేవాళ్ళది. అక్కడ ఆకు చూపించినా సీసా ఇస్తారు. ఆయన నాకు నేర్పింది మందుల సంగతి ఒక్కటే కాదు. జాలి పుట్టగానే చేయి చాచకూడదని, ముందు చూడాలని నేర్పాడు. పిల్లలు అలిగినా, కోడలు ముభావంగా ఉన్నా, నేను వెంటనే ఏదీ పోయను. కాసేపు నీడ పడనిస్తాను.

ఈ పొద్దున బండి వెళ్ళిపోయాక మిద్దె ఎక్కితే, గోడవార చూరు కింద వాన తగలని కుండీలో టమాట మొక్క తల వేలాడేసి ఉంది. చేయి చెంబు మీదికి వెళ్ళింది. ఆపుకుని, కిందికి దిగి గాజు గ్లాసు తెచ్చాను. మొదలు దగ్గరి పక్కకొమ్మ ఒకటి కోసి నీళ్ళలో పట్టుకుని నిలబడ్డాను. దారం రాలేదు. నీళ్ళు తేటగానే ఉన్నాయి.

దీనికి నిజంగా దాహమే. చెంబు నిండా పోశాను.