పంపుషెడ్డు దాకా

ఊళ్లో ఆమెని మంచంపిల్ల అనేవారు. తొమ్మిదో ఏట ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటే, విత్తనాలు దాచే గదిలో కిటికీ పక్కన మంచం వేసి పడుకోబెట్టారు. రెండేళ్లు ఆ మంచమే ఆమె లోకం. అడుగుల చప్పుడు విని, వచ్చేదెవరో, కోపంగా వస్తున్నారో నీరసంగా వస్తున్నారో చెప్పేసేది. పెద్దయ్యాక ఆమె కథలు చదివినవాళ్లు "మనుషుల్ని భలే కనిపెడతారండీ" అంటుండేవారు. ఆ మంచం మీద అంతకన్నా చేసే పనేముందని నవ్వి ఊరుకునేది.

ఇప్పుడామెకి అరవై నాలుగు. బట్టలు కుట్టే దుకాణం పైన రెండు గదుల్లో ఒక్కతే ఉంటోంది. తన బతుకు గురించి రాసుకున్న పుస్తకం ప్రూఫులు సాయంత్రానికల్లా ప్రెస్సుకి చేరాలి. ఎర్ర సిరా పెన్ను తీసి కూర్చుందో లేదో, మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. ఎడమకాలు ఈడుస్తున్న అడుగులు. అన్నయ్య. కోపంగానే వస్తున్నాడు.

వస్తూనే చేతిలోని వారపత్రికని బల్ల మీదికి విసిరాడు. ఆ పుస్తకంలోని ఒక అధ్యాయం కిందటివారం అందులో అచ్చయింది.

"ఎవర్నడిగి రాశావే ఇది?"

"కూర్చో అన్నయ్యా. మంచినీళ్లు తెస్తా."

"నీ నీళ్లు నువ్వే తాగు. పాలకేంద్రం దగ్గర నన్ను నిలబడనివ్వడం లేదు. చావుబతుకుల్లో ఉన్న చెల్లెల్ని వీపున మోసి ఆస్పత్రికి చేర్చిన మహానుభావుణ్ణట. పాలు కొలిచేవాడు లేచి దణ్ణం పెట్టాడు. క్యాను అక్కడే పడేసి వచ్చా."

"మంచే కదా రాశాను."

"ఆ మంచి కన్నా నా మొహాన ఉమ్మేసినా బాగుండేది. తుడుచుకుపోయేవాణ్ణి."

ఆ రోజు ఏం జరిగిందో తెలిసినవాళ్లు వాళ్లిద్దరే. జబ్బు ముదిరిననాడు నాన్న పొరుగూళ్లో ఉన్నాడు, అమ్మ పురిటి మంచం మీద ఉంది. పద్నాలుగేళ్ల అన్న ఆమెని వీపున వేసుకుని బస్సురోడ్డుకి బయల్దేరాడు. పొలాల మధ్య పంపుషెడ్డు దగ్గర దగ్గుతెర వచ్చి, నెత్తురు అతని చొక్కా మీద పడింది. ఆమెని దింపి గోడకి ఆనించి, వెళ్లిపోయాడు. పొద్దు వాలేవేళ ఎవరో కూరగాయల బండివాడు ఆమెని ఆస్పత్రికి ఎక్కించుకుపోయాడు. పుస్తకంలో మాత్రం ఆమె అన్నచేత ఆస్పత్రి మెట్ల దాకా మోయించింది.

"చిన్నవాడివి. భయపడ్డావు," అంది.

"భయం కాదు. పోతే పీడా వదిలిపోతుందనుకున్నా. నీ జబ్బు మూలాన నన్ను బడి మాన్పించి పొలానికి నీళ్లు కట్టమన్నారు. నువ్వు పడుకుని చదివిన పుస్తకాలు ఎవరివనుకున్నావ్? నావి. తెచ్చి నీ మంచం మీద పడేశారు. అది రాశావా?"

రాయలేదు. క్షమించేశాననుకోవడం ఇన్నాళ్లూ ఆమెకి సుఖంగా ఉంది. అతన్ని దేవుణ్ణి చేసి కూర్చోబెడితే మళ్లీ ఆ గోడవంక చూడక్కర్లేదు.

"నీ దానం నాకొద్దు. ఆ పేజీ కొట్టెయ్. జరిగింది రాయి."

"నీ మనవలు చదువుతారు."

"చదవనీ. దొంగదణ్ణాలు పెట్టించుకునే కన్నా అదే నయం."

ఆమె ఆ పేజీ తీసి అడ్డంగా గీత గీసింది. పక్కనున్న ఖాళీలో నాలుగు వాక్యాలు రాసింది. అతను కదల్లేదు.

"చదువు."

చదివింది. "'నీళ్లు తెస్తానని చెప్పి అన్నయ్య వెళ్లాడు. చీకటి పడబోతున్నా తిరిగి రాలేదు.'"

"నీళ్లు తెస్తానని నేననలేదు."

"అన్నావు. నాకు బాగా గుర్తు."

"అనలేదే. దాహమని నువ్వన్నావు. నేను విననట్టు నడిచిపోయా."

పెన్ను ఆగిపోయింది. ఆ గోడ దగ్గర మధ్యాహ్నమంతా ఆమె నీళ్లు తెస్తానన్న ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత యాభై అయిదేళ్లూ దాన్నే పట్టుకుని బతికింది. ఎప్పుడు కల్పించుకుందో తనకే తెలీదు. నెమ్మదిగా ఆ వాక్యం కూడా కొట్టేసింది.

"ఇక వెళ్లు," అంది.

అతను వెళ్లాడు. మెట్ల మీద ఎడమకాలు ఈడ్చిన చప్పుడు వినపడింది. ఎలా వెళుతున్నాడో కనిపెట్టాలని ఆమెకి అనిపించలేదు. ఒళ్లు మండిపోతోంది. పంపుషెడ్డు దగ్గర రావాల్సిన కోపం ఇప్పుడొచ్చింది.

ప్రెస్సుకి ఫోన్ చేసి, ప్రూఫులు ఇవాళ రావని చెప్పింది. పెన్ను తీసుకుని, మొదటి పేజీ నుంచి మళ్లీ దిద్దడం మొదలుపెట్టింది.