ఫోన్ ఎత్తితేనే పలికే పిల్ల

2023 చివర్లో అమీర్‌పేటలో, సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల మధ్య ఇరుక్కున్న ఓ మూడో అంతస్తు గదిలో, నాలుగైదేళ్ల పిల్లలకు ఇంగ్లిష్ మాటలు నేర్పేదాన్ని. మా పనిముట్లు ఫ్లాష్ కార్డులు, అంటే బొమ్మలున్న అట్టముక్కలు. కార్డు చూపిస్తే పిల్లలు దాని పేరు చెప్పాలి. ఇంటికెళ్లాక అవే మాటలు మళ్లీ చెప్పిస్తూ తల్లులు వీడియో తీసి నాకు వాట్సాప్‌లో పంపాలి. ఈ దిక్కుమాలిన నియమం పెట్టింది నేనే.

ఆ పిల్లల్లో సహస్ర అనే అమ్మాయి వీడియోలు చూస్తే ముద్దొచ్చేది. స్పూన్, టవల్, బకెట్, అంబ్రెల్లా అంటూ గడగడా చెప్పేది. క్లాసులో మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేది. స్పూన్ చేతికిచ్చి అడిగినా అంతే. మూడు వారాలకే నా ఓపిక నశించింది.

పంజాగుట్టలో ఒక స్కూల్లో యూకేజీ సీటు కోసం పిల్లను మాట్లాడించి చూసే రోజు దగ్గరపడుతోంది. నోరు విప్పకపోతే సీటు పోతుందని వాళ్లమ్మ రజితకు బెంగ. ఆ బెంగంతా రోజూ నామీద చూపించేది.

"ఇంట్ల మస్తు చెప్తది మేడం. మీ దగ్గరనే చెప్తలేదంటే మీరు భయపెడుతున్నరేమో, జర చూస్కోండి."

"నేనా? బతిమాలి బతిమాలి నాకే గొంతు పోయిందండీ!"

మర్నాడు విసుగెత్తి, రజితకు రుజువు చూపిద్దామని, పిల్ల మౌనాన్నే వీడియో తీయబోయాను. ఫోన్ ఎత్తగానే సహస్ర లేచి నిలబడింది. జుట్టు సర్దుకుంది. చేతులు కట్టుకుని, అడగకుండానే వరసగా అప్పజెప్పింది. ఫోన్ దించాను. టక్కున ఆగిపోయింది.

"ఇంకా చెప్పమ్మా."

"ఎట్ల మిస్? వీడియో బంద్ అయింది గద."

తల బాదుకోవాలనిపించింది. ఇంగ్లిష్ అంటే వీడియోకి చెప్పేదనే ఆ పిల్ల అనుకుంది. అలా అనుకునేలా చేసింది నేనే. సిగ్గేసింది.

ఆ రోజే వీడియోలు ఆపించాను. కార్డులు పక్కనపెట్టి నిజం బకెట్, నిజం టవల్ తెచ్చాను. నీళ్లు ఒలకబోసుకుని తుడుచుకున్నాం. కానీ అప్పటికే ఆలస్యమైంది. పంజాగుట్టలో పిల్ల పెదవి విప్పలేదు, సీటు రాలేదు. రజిత నాతో మాట్లాడటం మానేసింది గానీ పిల్లను పంపడం మానలేదు.

నెల తిరిగాక ఒక సాయంత్రం రజిత వచ్చేసరికి సహస్ర గుమ్మం దగ్గర కూర్చుని బూటుతో కుస్తీ పడుతోంది. బాగుందనుకుందేమో, రజిత ఫోన్ ఎత్తింది.

"నో వీడియో, మమ్మీ!" అంది సహస్ర, కాలు ముందుకు చాపి. "షూ! హెల్ప్!"

రజిత కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్నరా మేడం, ఇంగ్లిష్‌ల అడిగింది! బిడ్డా, ఇంకొక్కసారి అను, వీడియో తీస్త!"

"ముందు బూటు తొడగండమ్మా!" అని అరిచాను.

ఉలిక్కిపడి, ఫోన్ పక్కనపెట్టి తొడిగింది. పిల్ల నోట్లోంచి మాట వచ్చినప్పుడు మెచ్చుకోవడం కాదు, అది అడిగిన పని చేసిపెట్టాలి. ఇన్నేళ్లు పాఠాలు చెప్పి, ఆ గుమ్మం దగ్గర నేర్చుకున్నాను.