మామ పళ్ల సెట్టు, ఫోను చెవులు

ఆ రోజుల్లో రహస్యం దాచడానికి తలుపు గడియ ఒక్కటి సరిపోతుందని మేమంతా నమ్మేవాళ్లం. (ఆ రోజులంటే రాజుల కాలం కాదు, ఎనిమిదేళ్ల కిందటి మాటే.) గడియ పెట్టి గొంతు తగ్గించి మాట్లాడితే ఆ మాట ఆ గదిలోనే ఉండిపోయేది, ఆ గదిలో నేను లేకపోతే. నన్ను వేంపల్లెలో అందరూ ‘రేడియో’ అనేవాళ్లు. తొమ్మిదో తరగతి లెక్కల పేపరూ నేనూ ఒకరి ముఖం ఒకరం మూడు గంటలు చూసుకుని విడిపోయాక, మా అమ్మ నన్ను ఆత్మకూరు నుంచి మా మామ దగ్గరికి పంపించేసింది. ఆయనది బోరు మోటార్ల అంగడి. అప్పటికి నాలుగేళ్లుగా అక్కడే పని, ఆయన ఇంట్లోనే తిండి, పడక. పైపులు మోయడం నా ఉద్యోగమైతే, ఎవరి ఇంట్లో ఏం జరిగిందో మోయడం నా సొంత వ్యాపారం.

మామ అంటే మా చుట్టుపక్కల అందరికీ భయం. రెండు పక్కలా మెలితిరిగిన మీసం, గచ్చు మీద ఇనుప పైపు పడ్డట్టుండే గొంతు. పొలం గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల భాగాలైనా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. అట్లాంటాయనకు పై పళ్లు ఒక్కొక్కటే ఊడిపోయాయి. ఎవరికీ తెలియకుండా నన్ను తోడు పెట్టుకుని కడపకు పోయి పళ్ల సెట్టు కట్టించుకున్నాడు. తిరుగు బస్సులో నా చెయ్యి పట్టుకుని, “రేయ్ అల్లుడా, ఈ సంగతి బయటికి పోయిందంటే నువ్వు ఆత్మకూరు బస్సు ఎక్కాల్సిందే” అన్నాడు. నేను ఒట్టేశాను. రెండు వారాలు ఆ రహస్యాన్ని ఎక్కిళ్లు ఆపుకున్నట్టు ఆపుకున్నాను.

ఒక మధ్యాహ్నం అంగడిలో నలుగురు రైతులు కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన రోజూ వచ్చేవాడు, ఎన్నడూ ఏమీ కొనేవాడు కాదు. ఎప్పుడూ గళ్ల లుంగీలోనే ఉంటాడని ఆయన్ని గళ్ల లుంగీ పెద్దాయన అనుకునేవాళ్లం. వాన ఎప్పుడు పడుతుందో చూద్దామని మామ ఫోను తీసుకుని ఏదో వీడియో పెట్టాడు. వాన సంగతి రాకముందే ప్రకటన ఒకటి అంగడి అదిరేట్టు అరిచింది: “మీ కట్టుడు పళ్లు జారుతున్నాయా? నలుగురిలో నవ్వాలంటే భయమా?” పెద్దాయన ఫోను వైపు చూశాడు, మామ వైపు చూశాడు. “ఏమప్పా, నీ ఫోను నీతో ఏందో చెప్పుకోవాలని చూస్తాండాది” అన్నాడు. మామ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని లేని దగ్గు దగ్గాడు.

జనం పోయాక షట్టరు సగం దించి నా మీద పడ్డాడు. “ఎవురికి చెప్పినావురా?”

“ఎవురికీ చెప్పలేదు మామా!”

“మరి ఫోనోళ్లకు ఎట్ల తెలిసింది? వాళ్లకు గూడా చెప్పినావా?”

చూడండి నా ఘనత! ఊరు దాటి ఫోను కంపెనీ దాకా నా ప్రసారాలు అందుతాయని మామ నమ్మకం. అప్పుడే మా ఊళ్లో కొత్తగా ఒక మాట తిరుగుతోంది, ఫోన్లో ఉండే యాప్‌లు మనం మాట్లాడేదంతా వింటాయని. అదే పట్టుకున్నాను. “నేను గాదు మామా, ఫోనే వింటాండాది.”

“దానికి చెవులు యాడుండాయిరా?”

“అడుగున చిన్న బొక్క ఉండాది సూడు.”

మామ ఆ బొక్క వైపు చూసి, నా వైపు చూసి, “మూడు రోజులు టైమిస్తా. రోజూ అంగడి మూసినాక ఫోను తీసుకో. అది వింటాండాదని రుజువు సెయ్. లేదంటే బస్సెక్కు” అన్నాడు.

మా ఇంట్లో ఎవరికీ ఎన్నడూ అక్కరకు రాని వస్తువు గురించి ఫోను ముందు మాట్లాడి, దాని ప్రకటన వస్తుందేమో చూడాలని నా పథకం. వానకే దిక్కులేని మా సీమలో పడవ కంటే అక్కరలేనిది ఏముంటుంది? ఆ పనికి మా అవ్వను, అంటే మామకు అమ్మను, నియమించాను. ఫోను ఆమె ముందు పెట్టి, “అవ్వా, పడవ గురించి మాట్లాడు” అన్నాను. “నీ పాసుగూల, తాగేదానికే నీళ్లు లేకపాయ, పడవ యాడ తోలుతావురా?” అని మొదలుపెట్టింది. రెండో నిమిషానికి మోకాళ్ల నొప్పులకు, మూడో నిమిషానికి కోడలు వండిన సంగటిలో గడ్డలకు పోయింది. మూడు సాయంత్రాలూ ఇదే వరస. పడవా రాలేదు, మోకాళ్ల నూనే రాలేదు. (నిజంగా వినలేదో, విని గమ్మునుందో నాకు ఈ రోజుకీ తెలియదు.)

సంచీ సర్దుకుంటూ ఆఖరు ప్రయత్నంగా ఫోను సెట్టింగులన్నీ కెలికాను. కళ్లు తిరిగాయి. ‘నీ మాటలు వినొచ్చా’ అని అడిగిన ప్రతి యాప్‌కీ మామ ‘సరే’ అని నొక్కి ఉన్నాడు. టార్చిలైటుకు మన మాటలతో ఏం పని? ఇంకా లోపలికి పోతే మైకు గుర్తు నొక్కి నోటితో అడిగిన ప్రశ్నల జాబితా, వాటి రికార్డింగులు కనపడ్డాయి. (మామకు టైపు కొట్టడం రాదు.) ఒకటి నొక్కాను. మామ గొంతే, గుసగుసగా: “ఏమప్పా, వింటాండావా? నాకు గాదు, నాకు తెలిసినాయప్ప ఒకాయన ఉండాడు. మాట్లాడేటప్పుడు ఆయప్ప పళ్ల సెట్టు జారుతాండాది. ఏం సెయ్యాల? ఈ మాట ఎవురికీ చెప్పాకు.” దాని కింద ఇంకొకటి: “చెప్పవు గదా?”

నేను దిండు కొరుక్కుని నవ్వాను. మామ నా చేత ఒట్టేయించుకున్నట్టే ఫోను చేతా వేయించుకోబోయాడు!

మరుసటి రోజు పొద్దున అంగడి నిండా జనం. మామ ముఖం గంటు పెట్టుకుని, “ఏమిరా, రుజువు దొరికిందా?” అన్నాడు. “ఏం రుజువప్పా?” అని గళ్ల లుంగీ పెద్దాయన ముందుకు జరిగాడు. నా బొటనవేలు ఆ రికార్డింగు మీదే ఉంది. అట్లాంటి హాస్యం నా జన్మలో మళ్లీ చేతికి రాదని నాకు తెలుసు. ఒక్క నొక్కు నొక్కితే నా పేరు నిలబడుతుంది. కానీ మామ తువ్వాలు నోటి దాకా వచ్చి ఆగి ఉంది. పళ్లు కట్టించుకున్నప్పటి నుంచి ఆయన గట్టిగా ఒక్కసారీ నవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది.

“దొరికింది మామా. తప్పు నాదే. అవ్వకు పళ్లు కట్టిద్దామని నీ ఫోన్లో నేనే వెతికినా” అన్నాను.

“మీ అవ్వ మొన్ననే చెరుకు గడ పరపరా నమలతాంటే చూస్తి గదప్పా!” అన్నాడు పెద్దాయన.

“అట్ల నమిలితే ఎన్ని దినాలుంటాయప్పా? ముందు జాగర్త!” అన్నాను. అంగడంతా నా మీద నవ్వింది. రేడియో చెడిపోయిందని ఒకడు, బ్యాటరీ మార్చాలని ఇంకొకడు. నవ్వనీ అనుకున్నాను.

అందరూ పోయాక మామను వెనక గదిలోకి పిలిచి రికార్డింగు వినిపించాను. రెండుసార్లు విన్నాడు. ముఖం ఎర్రబడింది. ఫోను వైపు వేలెత్తి, “అంత మర్యాదగా అడిగితి గదరా దాన్ని, ఎవురికీ చెప్పొద్దని!” అన్నాడు. ఆ పైన ఆగలేక పగలబడి నవ్వాడు. సెట్టు జారి అరచేతిలో పడింది. అయినా నవ్వుతూనే ఉన్నాడు. నేను రికార్డింగులు చెరిపేసి, టార్చిలైటుతో సహా అన్ని యాప్‌ల చెవులూ మూసేశాను. అన్నిటికీ ‘సరే’ ఎందుకు నొక్కావని అడిగితే, “అడిగినోణ్ణి కాదంటే ఏం బాగుంటాదిరా?” అని మామ బోసినోటితోనే గొణిగాడు.

ఆ వారమే అన్నదమ్ములిద్దరు భాగాల తగాదాతో వచ్చారు. ఫోన్లన్నీ బయట మోటారు డబ్బా మీద పెట్టి రమ్మన్నాడు మామ. అలవాటుగా నేనూ లేచి బయటికి పోబోయాను. “నువ్వు యాడికి పోతాండావు? నువ్వుండు” అన్నాడు. అన్నదమ్ములు భయపడిపోయి, “అన్నా, రేడియో!” అన్నారు.

“ఉండనీండప్పా. ఫోను కంటే నయం” అన్నాడు మామ.

చదువుకున్న రోజుల్లో నాకు ఒక్క బహుమతీ రాలేదు. ఆ మాటే నా పతకం.

ఇప్పుడు ఇదంతా ఎందుకు బయటపెట్టానంటారా? పోయిన నెల ఒక పెళ్లిలో మామే సెట్టు చేతిలో పట్టుకుని అందరికీ చెప్పి నవ్వించాడు. అప్పటిదాకా ఎనిమిదేళ్లు నా నోట రాలేదు. మొన్న అద్దంలో చూసుకుంటే నుదుటి మీది జుట్టు కాస్త వెనక్కి నడిచినట్టు కనిపించింది. నా భార్యను అడగబోయి, ముందు ఫోను తీసుకుపోయి బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టి వచ్చాను. “ఏమయింది నీకు?” అందామె. ఏమీ లేదన్నాను. ఆ పందొమ్మిదేళ్ల రేడియో గుర్తొచ్చాడు. వాడికి తల నిండా జుట్టుండేది, ఊరంతా నవ్వినా నవ్వనీ అనుకునే గుండె ఉండేది.