వాసవి నింపిన ఇరవై ఏడు ఫారాలు

శ్రీవాసవి మా ఆఫీసులో చేరింది 2003 నవంబరులో. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళు. డోన్‌లో పప్పులూ చింతపండూ అమ్మే పెద్దసుబ్బయ్య కూతురు. ఆయన పోయాక తల్లి కన్యకమ్మ అంగడి చూసుకునేది. వాసవి తిరుపతిలో హోమ్‌సైన్స్ ఎమ్మెస్సీ చదివి, లెక్చరర్ ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి తిరిగి, చివరికి కర్నూలులో మా పరిశోధన సంస్థకు వచ్చింది. నేను అక్కడ కంప్యూటర్ ఆపరేటర్‌ని. పేరు దావీదురాజు. ఆమెకంటే ఆరేళ్ళు పెద్దవాణ్ణి కాబట్టి నన్ను ‘అన్నా’ అనేది.

అప్పుడు మా దగ్గర నడుస్తున్న పని ఒక ప్రశ్నల పట్టీ. పరాయి దేశంలో తయారైనది. మనిషి ఏం తింటాడో కాదు, ఎందుకు తింటాడో, ఎప్పుడు ఆపుకుంటాడో, దిగులుగా ఉన్నప్పుడు ఎక్కువ తింటాడో తక్కువ తింటాడో కనుక్కునే ముప్పై ప్రశ్నలు. వాటిని తెలుగులోకి మార్చి, మన జనానికి అవి సరిగా పనిచేస్తాయో లేదో తేల్చాలి. ఆ పనికి పెద్ద సుధీర్ సార్. కోయిలకుంట్ల దగ్గర భూములున్న ఇంటివాడు, డాక్టరు. మంచి మనిషే. కోపం వచ్చినా గొంతు పెంచేవాడు కాదు.

తెలుగు చేసిన కాగితం, ఈ పనిలో మాతో కలిసిన హైదరాబాదు సంస్థ నుంచి వచ్చింది. అందులో ఒక ప్రశ్న ఇలా ఉండేది: ‘భావోద్వేగానికి లోనైన సందర్భాలలో ఆహారం స్వీకరించాలనే వాంఛ మీలో జనిస్తుందా?’ వాసవి దాన్ని చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఈ మాట మా అమ్మను అడిగితే, ఏమే, మంత్రం చదువుతాండావా అంటాదన్నా.”

ముప్పై ప్రశ్నల్నీ ఆమె మళ్ళీ రాసింది. ‘మనసు బాగలేనప్పుడు ఏమన్నా తినాలనిపిస్తాదా?’ ‘కావాలని తక్కువ తింటావా?’ ఇట్లా. పల్లెలకు వెళ్ళి ఒక్కో ప్రశ్నా చదివి వినిపించేది. దీనికి నీకేం అర్థమైంది, నీ మాటల్లో చెప్పు అని అడిగేది. వాళ్ళు చెప్పింది విని మళ్ళీ దిద్దేది. జవాబుకు ఐదు మెట్లున్నాయి, ‘ఎప్పుడూ లేదు’ నుంచి ‘ఎల్లప్పుడూ’ దాకా. అది జనానికి అంతు పట్టేది కాదు. మొదట ఐదు కుప్పలుగా శనక్కాయలు పెట్టి చూపించింది. పిల్లలు వచ్చి తినేశారు. ఆ తర్వాత చింతగింజలు పట్టుకుపోయింది. ఆ సంగతి చెప్పి చాలాసేపు నవ్వింది. ఆమె అట్లా నవ్వింది ఆ రెండు నెలలే.

సుధీర్ సార్ హైదరాబాదు వాళ్ళతో ఒక ఒప్పందానికి వచ్చాడు. టౌన్లలో నూట అరవై మందినీ, ఒక పల్లెలో నలభై మందినీ వాసవి రాసిన ప్రశ్నలే అడగాలి. మూడు వారాలు దాటకుండా ఆ మనుషులనే మళ్ళీ అడగాలి. రెండుసార్ల జవాబులూ దగ్గరగా ఉంటే ప్రశ్నలు గట్టివని లెక్క. లేకపోతే హైదరాబాదు కాగితమే ఖాయమవుతుంది.

పల్లె పని వాసవి తీసుకుంది. ఊరు నల్లగుట్లపల్లె, పత్తికొండ వైపు. రెండేళ్ళుగా వానల్లేవు. జనవరి ఆఖరు వారంలో నలభై ఇళ్ళూ తిరిగింది. వచ్చిన రోజు నా టేబులు దగ్గర కూర్చుని సుంకమ్మ అనే ఆమె గురించి చెప్పింది. నలభై అయిదేళ్ళుంటాయి. భర్త లేడు. కొడుకూ కోడలూ ఇద్దరు మనవళ్ళూ.

“మనసు బాగలేనప్పుడు తినల్లనిపిస్తాదా సుంకమ్మా అని అడిగితినన్నా. ‘మనసు బాగలేకుంటే పని చేయల్లనిపిస్తాదమ్మా, ఊరికే కూచుంటే ఇంగా బాగుండదు’ అనింది. కావాలని తక్కువ తింటావా అంటే నన్ను ఎగాదిగా చూసింది. ‘కావాలని ఎవురన్నా తక్కువ తింటారా తల్లీ? పిచ్చా?’ అనింది.”

“ఏం రాసినావు మరి?”

“ఎప్పుడూ లేదు అని.”

ఆ ఊరివాళ్ళంటే ఆమెకు ఇష్టం ఏర్పడింది. ఒక్కొక్కరి మాటా వాళ్ళ గొంతుతోనే చెప్పి చూపించేది. వాళ్ళు తనకు బాగా తెలిసిపోయారనుకుంది.

ఫిబ్రవరి పన్నెండున రెండోసారి వెళ్ళింది. ఊళ్ళో చాలా ఇళ్ళకు తాళాలు, గుమ్మాలకు అడ్డంగా కంపలు. ముసలివాళ్ళూ కుక్కలూ మిగిలారు. జనం సుగ్గికి పోయారు. ఏటా ఆ రోజుల్లో మా పడమటి పల్లెలు ఇట్లాగే ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి లారీల్లో పోతారు, ఉగాదికి వస్తారు. నలభై మందిలో పదముగ్గురు దొరికారు. ఇరవై ఏడు మంది లేరు.

పత్తికొండ వచ్చి టెలిఫోను బూత్ నుంచి సుధీర్ సార్‌కు ఫోన్ చేసింది.

“ఉగాది దాకా ఆగుదాం సార్. అందరూ వస్తారు.”

“అప్పటికి రెండు నెలలవుతుంది వాసవీ. మూడు వారాలు దాటితే ఆ జవాబులు పనికిరావు. సగం మంది కూడా లేకపోతే పల్లె లెక్క మొత్తం తీసేద్దాం. టౌన్ వాళ్ళు చాలు.”

“మరి ప్రశ్నలు సార్?”

“టౌన్ వాళ్ళకే అయితే హైదరాబాదు భాష ఉంటే ఏం? నువ్వేం బాధపడకు. నీ తప్పు కాదు.”

ఆమె మళ్ళీ నల్లగుట్లపల్లెకు పోయింది. రెండు పగళ్ళు బడి వరండాలో కూర్చుంది. ఇరవై ఏడు ఫారాలూ తనే నింపింది. మనిషి మనిషినీ తలుచుకుంటూ, ఈమె అయితే ఇట్లా అంటుంది, ఈయన అయితే ఇట్లా అంటాడు అనుకుంటూ. అచ్చు మొదటిసారిలాగే ఉంటే అనుమానం వస్తుందని అక్కడక్కడా ఒక మెట్టు అటూ ఇటూ మార్చింది. సుంకమ్మ ఫారం మీద వేసిన తారీఖు ఫిబ్రవరి పద్నాలుగు. సుధీర్ సార్‌కు మాత్రం, పోయినవాళ్ళంతా పక్క ఊళ్ళలో దొరికారని చెప్పింది.

ఆ ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించింది నేను. మాది ఆలూరు. సుగ్గి అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కరలేదు, మా నాయన కూడా పోయినవాడే. నలభై ఫారాలూ చూసి ఆమెను పక్కకు పిలిచాను.

“ఊరంతా సుగ్గికి పోయింటారే, నీకు అందరూ ఎట్ల దొరికినారమ్మా?”

ఆమె ముఖంలో నెత్తురు లేదు. “దొరికినారన్నా” అంది.

నేను ఇంకేమీ అడగలేదు. కూర్చుని ఎక్కించాను. ఒక్క మాట గట్టిగా అడిగి ఉంటే ఆ రోజే చెప్పేసేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ అడిగితే నాకు తెలిసినట్టవుతుంది. నాకు తెలియడం నాకు ఇష్టం లేదు.

రెండుసార్ల జవాబులు ఎంత దగ్గరో చెప్పే అంకె ఒకటుంటుంది. ఒకటికి ఎంత చేరువైతే అంత మంచిది. మాకు సున్నా పాయింట్ ఎనభై ఆరు వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన లెక్కల ఆయన, పల్లె జవాబులే అన్నిటికంటే నిలకడగా ఉన్నాయని మెచ్చుకున్నాడు. వాసవి ప్రశ్నలే ఖాయమయ్యాయి. సుధీర్ సార్ అందరికీ మైసూరుపాకు తెప్పించాడు. వాసవి తన ముక్క కాగితంలో చుట్టి బ్యాగులో పెట్టుకుంది.

ఉగాది దాటిన వారానికి ఆమె సెలవు పెట్టి నల్లగుట్లపల్లెకు వెళ్ళింది. ఎవరూ పొమ్మనలేదు. ఆ ఇరవై ఏడు మందినీ నిజంగా అడిగి, తను రాసింది సరిగ్గానే ఉందని తెలుసుకుంటే మనసు కుదుటపడుతుందనుకుంది.

మొదట నలుగురిని అడిగింది. నలుగురి జవాబులూ తను రాసినవాటికి దగ్గరలో కూడా లేవు. మనసు బాగలేకుంటే ముద్ద దిగదని చెబుతాడనుకున్న శేషన్న, గుంటూరులో దినమూ దుఃఖం వచ్చి బజ్జీలు కొనుక్కుని తిన్నానని చెప్పాడు. అయిదోది సుంకమ్మ ఇల్లు. తాళం వేసే ఉంది. పక్కింటి గంగక్క గుమ్మంలో చాటతో జొన్నలు చెరుగుతోంది.

“సుంకమ్మ ఇంగా రాల్యా?”

“యాడొస్తాదమ్మా. ఆడనే పాయె గదా.”

వాసవికి అర్థం కాలేదు. “ఆడనే ఉండాదా? ఎప్పుడొస్తాది?”

గంగక్క చాట కింద పెట్టింది. “సచ్చిపాయమ్మా. మిరప చేన్లోనే. ఎండకు కండ్లు తిరిగి పడింది, మళ్ళ లేయల్యా. కొడుకూ కోడలూ ఆడనే ఇంగో చేన్లో కుదురుకున్యారు.”

“ఎప్పుడు?”

“శివరాత్రికి సరిగ్గా వారం ముందర. బేస్తవారం ముందు దినం.”

శివరాత్రి ఫిబ్రవరి పద్దెనిమిది. అంటే పదకొండున, బుధవారం పోయింది. వాసవి బడి వరండాలో కూర్చుని ఆమె పేరు మీద ముప్పై జవాబులు రాసింది మూడు రోజుల తర్వాత.

“ఏం రోగముండె?” అని అడిగింది.

“రోగమేముండాది? ఆడికి పోయినప్పుడల్లా ఒగ పూటే తినేది. మనవండ్లకు పెట్టి, నాకు ఆకలి ల్యా అనేది. నేను గూడా అదే గుడిసెలో ఉంటి గదా, ఎన్ని తూర్లు చెప్పినా! ఈడ మాత్రం అంతకన్నా ఎక్కువ తినిందా? పదేండ్ల నుంచీ అట్లే.”

వాసవి ఆ గుమ్మం ముందే కూర్చుంది. గంగక్క నీళ్ళు తెచ్చి తాగించింది. సుంకమ్మకు ఏమవుతావు తల్లీ అని అడిగింది. ఏమీ కాను అని చెప్పింది వాసవి.

మిగతా ఇళ్ళకు ఆమె పోలేదు. సాయంత్రానికి కర్నూలు చేరి నేరుగా ఆఫీసుకు వచ్చింది. నాకు అంతా చెప్పింది. ఏడవలేదు. ఒక్కటే మాట మళ్ళీ మళ్ళీ అంది.

“కావాలని తక్కువ తింటావా అని నేనే అడిగినానన్నా. ఆయమ్మ ఎప్పుడూ లేదని చెప్పింది. నేను రాసుకున్యా. ప్రశ్న శానా బాగా కుదిరిందని సంబరపడినా.”

మర్నాడు సుధీర్ సార్ గదిలోకి వెళ్ళి ఇరవై ఏడు ఫారాల సంగతీ ఒప్పుకుంది. ఆయన నన్ను కూడా పిలిచాడు.

“పత్రికకు పేపరు పంపేశాం. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఈ సంస్థ ఉండదు, నువ్వుండవు, ఇతనుండడు. చనిపోయిన మనిషి ఒక్కర్ని తీసేద్దాం. నూట తొంభై తొమ్మిది అని దిద్దుకుందాం.”

“తక్కిన ఇరవై ఆరు సార్?” అంది వాసవి.

“వాళ్ళు బతికే ఉన్నారు కదమ్మా.”

నేను నా సీటుకు వచ్చి సుంకమ్మ వరస ఎంచుకుని మీట నొక్కాను. అది పోయింది. అంకె మళ్ళీ లెక్కవేస్తే అదే సున్నా పాయింట్ ఎనభై ఆరు. ఏమీ మారలేదు.

ఆ నెలాఖరుకు వాసవి ఉద్యోగం మానేసి డోన్ వెళ్ళిపోయింది. అక్కడ ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పింది. ఈ పనికి డబ్బిచ్చిన ఢిల్లీ ఆఫీసుకు జరిగింది జరిగినట్టు ఉత్తరం రాసింది. ఏడు నెలలకు రెండు వరుసల జవాబు వచ్చింది: ఆధారాలు పంపండి. ఆధారమంటే ఆ ఫారాలే. సుంకమ్మ పోయిన మూడు రోజులకు తారీఖు వేసిన ఆమె ఫారం, ఊరు ఖాళీ అయ్యాక తారీఖులు వేసిన తక్కిన ఇరవై ఆరు. అవి మా ఆఫీసు కింది గదిలో అట్టపెట్టెల్లో ఉండేవి. నాకు ఫోన్ చేసి జిరాక్సు తీసి పంపమని అడిగింది.

“చూస్తాలేమ్మా” అన్నాను.

మరుసటి ఏడు మళ్ళీ అడిగింది. అప్పుడూ చూస్తానన్నాను. అప్పటికి నన్ను పర్మినెంటు చేశారు, పెద్దపిల్ల పదో తరగతిలో ఉంది. మూడోసారి ఫోన్ చేసినప్పుడు ఆమె ఆ మాటే ఎత్తలేదు. బాగుండావా అన్నా అని అడిగి, ఇంకో సంగతి చెప్పింది. అంతకు ముందు వారం ఎవరో చదువుకునే పిల్ల, ఒళ్ళు తగ్గడం గురించి సర్వే అంటూ వాళ్ళ బడికి వచ్చి టీచర్లందరికీ ఒక కాగితం పంచిందట. చూస్తే తన ప్రశ్నలే. ‘పల్లెల్లో పరీక్ష చేసి నెగ్గినవంట మేడమ్’ అని ఆ పిల్ల గొప్పగా చెప్పిందట. వాసవి తెల్లకాగితమే తిరిగిచ్చింది. ఆ ఏడే బడి కూడా మానేసింది.

2009 అక్టోబరులో కర్నూలు మునిగింది. మా ఆఫీసు కింది అంతస్తు కప్పు దాకా నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక నేను ఆ గదిలోకి వెళ్ళాను. అట్టపెట్టెలు లేవు. మోకాటి లోతు బురదలో కాగితం ముద్దలు. చేత్తో పట్టుకుంటే జారిపోయాయి. రెండు రోజులు వెతికాను, ఎవరూ అడగకపోయినా. ఒక్క ఫారం కూడా దొరకలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక డోన్ బస్సెక్కాను. అంగట్లో వాసవే ఉంది. సగం జుట్టు నెరిసింది. కన్యకమ్మ లోపల మంచం మీద ఉంది. ఎవరే అది అని ఆమె లోపలినుంచి కేక వేస్తే, “కర్నూలు అన్న వచ్చినాడమ్మా” అని చెప్పి వాసవి నాకు స్టూలు వేసింది.

చెప్పాను. గది, బురద, అన్నీ.

“నేను ముందే తీసిచ్చింటే...” అన్నాను. “ఇంకోటి కూడా ఉండాదమ్మా. ఆ పొద్దు, ఫారాలు ఎక్కించేటప్పుడే, నాకు తెలుసు.”

“నీకు తెలుసని నాకూ తెలుసన్నా” అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

ఎవరో వచ్చి అరకిలో కందిపప్పు అడిగారు. ఆమె లేచి తూకం వేసి పొట్లం కట్టింది. మళ్ళీ ఇంకెవరో వచ్చారు. నేను కాసేపు కూర్చుని, పోయొస్తానమ్మా అన్నాను. తల ఊపింది. మూడు గంటల బస్సుకు కర్నూలు వచ్చేశాను.