పుంగనూరులో పుట్టిన నిచ్చెన గిటారు

పురుషోత్తానిది సోమల దగ్గర ఓ పల్లె. పదహారో ఏట ఉలి పట్టాడు. యాభై రెండేళ్లు వచ్చేదాకా పుంగనూరులో చిన్న కొట్టు పెట్టుకుని తలుపులూ కిటికీలూ మంచాలూ చేశాడు. గిటారును టీవీలో తప్ప చూసి ఎరగడు.

మూడేళ్ల కిందట కీర్తన పగిలిన గిటారొకటి చంకన పెట్టుకుని అతని కొట్లోకి వచ్చింది. ఆమెది పుంగనూరే, కుప్పంలో ఓ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆ గిటారును బెంగళూరులో పాత సామాన్ల అంగట్లో కొన్నదట.

"అన్నా, దీన్ని అతికిస్తావా?"

పురుషోత్తం సెల్‌ఫోను లైటు వేసి, గుండ్రటి రంధ్రంలోంచి లోపలికి తొంగి చూశాడు. పైపలక అడుగున సన్నటి కర్రపట్టీలు అడ్డంగా, ఒకదాని కింద ఒకటి అతికించి ఉన్నాయి.

"ఇదేందమ్మా, దీని కడుపులో నిచ్చెన ఉండాది!"

కీర్తన పకపకా నవ్వింది. "నిచ్చెనేనన్నా. ఇప్పటి గిటార్లలో పట్టీలు ఇంటూ గుర్తు మాదిరి ఉంటాయి. వెనకటి కాలంలో చవక గిటార్లకు ఇట్లా మెట్లు మెట్లుగా వేసేవాళ్లు. అమెరికాలో నల్లజాతి కూలీలు బ్లూస్ పాటలు పాడుకునింది ఇట్లాంటి వాటి మీదే."

రెండు రోజుల్లో అతికించి ఇచ్చాడు. ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుని తీగ మీటింది. పురుషోత్తం చేతిలో చిత్రిక ఆగిపోయింది. ఆ మోత తీయగా లేదు. సాగదు కూడా. గబుక్కున వచ్చి, ఎండిన గొంతుతో ఓ మాట అనేసి పోతుంది.

"ఇంగోసారి," అన్నాడు. నాలుగుసార్లు అన్నాడు. ఐదోసారి, "నేనొకటి చేస్తానమ్మా," అన్నాడు.

ఆ రోజు నుంచి మనిషి నేల మీద లేడు. కనిపించిన చెక్కనల్లా తట్టి చెవి పెట్టేవాడు. పెళ్లి మండపంలో బెంచీని తట్టాడు. వదినగారింటికి భోజనానికి పోయి బీరువా తట్టాడు. తిరిగొచ్చే దారిలో భార్య రేవతి తల కొట్టుకుంది.

"వాళ్లు ఏమనుకుంటారు? బీరువాలో ఏముండాదో అని సూసినట్టుండాది!"

"వేపచెక్క. మోగల్యా," అన్నాడాయన చాలా బాధగా.

మొదటి గిటారుకు పట్టీలు లావుగా వేశాడు. కీర్తన మీటి చూసి, "అన్నా, ఇది తలుపన్నా. గొళ్లెం పెడితే సరిపోతాది," అంది. రెండోదానికి మరీ పల్చగా చెక్కాడు. తీగలు బిగించిన అరగంటకు పైపలక ఫట్టుమని లోపలికి కూలింది. రేవతి చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. చూస్తే పురుషోత్తం నేల మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతున్నాడు.

"అరగంట మోగింది రేవతీ! అరగంట!"

మూడోదానికి చెక్క మదనపల్లెలో దొరికింది. పట్టు తీసే కార్ఖానాకు కొత్త మిషను వచ్చిందనీ, దాన్ని ప్యాక్ చేసిన పైన్ చెక్కపెట్టె బయట పడేశారనీ విని పోయాడు. పెట్టె మూత తట్టాడు. ఖంగుమంది! సన్నటి గీతలు, దువ్వినట్టు వరసగా ఉన్నాయి. ఓనరును బతిమాలి తెచ్చుకున్నాడు. బస్సులో దాన్ని వాటేసుకుని కూర్చుని, దారి పొడుగునా తడుతూనే ఉన్నాడు.

"ఎవురప్పా లోపల?" అన్నాడు కండక్టరు. బస్సు బస్సంతా ఘొల్లుమంది. పురుషోత్తం అందరికంటే గట్టిగా నవ్వాడు.

వెనక పలకకు, పక్కలకు వీణలు చేసే పనసచెక్క వాడాడు. పట్టీలను రోజుకు కాస్త చెక్కుతూ, తడుతూ, నెలరోజులు కూర్చున్నాడు. తీగలు వేసి వారం చూశాడు. పలక కూలలేదు.

ఎనిమిదో రోజు రేవతిని వెంటబెట్టుకుని కుప్పం బస్సెక్కాడు. కాలేజీ హాల్లో పిల్లలు నిండిపోయారు. కీర్తన చిటికెన వేలికి ఇత్తడి గొట్టం తొడుక్కుని తీగల మీద జార్చింది. గొంతు బొంగురుపోయిన మనిషెవరో నవ్వలేక ఏడ్చి, ఏడవలేక నవ్వినట్టుగా హాలంతా మోగింది.

రేవతి మోచేత్తో పొడిచింది. "ఇది ఆ పెట్టె మూతేనా?"

ఆయన అప్పటికే కుర్చీలో లేడు. స్టేజీ ఎక్కి, కీర్తన వాయిస్తుండగానే గిటారు పక్క చెక్కకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. పిల్లలు ఈలలు వేశారు. కీర్తన నవ్వు ఆపుకోలేక రెండు స్వరాలు తప్పింది, అయినా వాయించడం ఆపలేదు. కిందికి దిగేలోపు ముగ్గురు చుట్టుముట్టారు.

"సార్, నాకొకటి చేస్తారా?"

"నన్ను సార్ అనింది మీరే మొదట," అని పురుషోత్తం ముగ్గురికీ సరేనన్నాడు.

మర్నాడు పొద్దున రేవతి కొట్లోకొచ్చి, గోడకు ఆనించిన కొత్త పలకను తనే తట్టింది. "ఈ పక్క మూగగా ఉండాది, రోంత చెక్కు," అంది. పురుషోత్తం తట్టి చూశాడు. నిజమే! ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమెకు ఇంత చెవి ఉందని ఆయనకు తెలియదు. సంతోషం పట్టలేక అక్కడికక్కడే ఆమెను ఎత్తి గిర్రున తిప్పబోయాడు. నడుం పట్టేసి ఇద్దరూ రంపపు పొట్టులో పడ్డారు.

ఇప్పటికి పద్నాలుగు గిటార్లు పూర్తయ్యాయి. రేవతి సరేనంటేనే తీగలు పడతాయి. పోయిన నెల చెన్నై నుంచి ఓ గిటారు వాద్యగాడు తన గిటారు కోసం వస్తే, "ఇంగా రెండు దినాలు పడతాది," అని ఆమె కచ్చితంగా చెప్పేసింది. పాపం, లాడ్జీలో దిగాడు. మూడో రోజు ఆమె పలక తట్టి, చెవి పెట్టి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"ఊఁ, ఇప్పుడు పలుకుతాండాది. తీగలెయ్యి!"