దస్తగిరి మాస్టారి చెవులు

గత శుక్రవారం దస్తగిరి మాస్టారు కన్నుమూశారన్న వార్త ద్వారకా నగర్‌లో టీ తాగుతుండగా నా చెవిన పడింది. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వన్ టౌన్‌లో ఆయన రికార్డింగు గదిలో, ఆయన పక్క కుర్చీలో, పదిహేనేళ్ళు కూర్చున్నవాణ్ణి. ఖననం అయ్యాక నలుగురూ నా చుట్టూ చేరి, "బావా, మాస్టారి సెవుల కథొకటి సెప్పు" అన్నారు. నాలుకకు అలవాటే కనుక చెప్పేసింది. ఇంటికొచ్చాక మాత్రం ఎన్నడూ ఎరగని అలసట ముంచుకొచ్చింది.

ఆ కథలు మీరూ వినే ఉంటారు. రేవులో ఓడ కూత విని కెప్టెనుకి జలుబు చేసిందని చెప్పారట. జాలరిపేటలో చేపలమ్మే కేక విని తట్టలో వంజరాలెన్నో తేల్చేశారట. అవన్నీ నేను పుట్టించినవే. ఎందుకు పుట్టించానో ఈరోజు చెబుతాను.

ముందు ఆయన విద్వత్తు గురించి చెప్పాలి, అందులో అతిశయోక్తి లేదు. మైకు ముందు నోరు పెట్టి ప అన్నా భ అన్నా, గాలి దెబ్బకి టేపులో ఎవరో తలుపు గుద్దినట్టు మోగుతుంది. స అంటే కత్తి సాన పట్టినట్టు కోస్తుంది. ఈ రెండు దోషాలనూ హరించడమే ఆయన జీవితకాల తపస్సు. కొత్తగా వచ్చిన గాయకుడి నోటి ముందు కొవ్వొత్తి వెలిగించి పట్టుకునేవారు. భక్తి గీతంలో "ప్రభూ" అన్నప్పుడల్లా దీపం ఆరిపోయేది. "దేవుణ్ణి పిలుస్తన్నావా, దీపం ఆర్పుతన్నావా?" అని నవ్వి మళ్ళీ వెలిగించేవారు. జ్వాల వణకకుండా ప పలికేదాకా టేపు తిరిగేది కాదు. ఎంబ్రాయిడరీ చట్రానికి రెండు పొరల నైలాను గుడ్డ బిగించి మైకు ముందు నిలబెట్టేవారు. మైకు మధ్యకి వచ్చేలా పెన్సిలు నిలువుగా పెట్టి రబ్బరు బ్యాండు వేసేవారు, ఊపిరి దానికి తగిలి రెండుగా చీలిపోయేది. "గాలి పక్కనుంచి పోవాల, పాట మైకులోకి పోవాల" అన్నది ఆయన నిత్యవచనం.

నేను చేరిన రెండో ఏడు. సందులో ఆయన సైకిలు హ్యాండిలు పట్టుకుని నాతో మాట్లాడుతున్నారు. వెనక టైరు లోంచి గాలి బుస్సుమని పోతోంది. అది ఆయనకు వినపడలేదు. టైరు పూర్తిగా కూలబడ్డాక నా చూపు వెంట చూసి, మెల్లగా అన్నారు.

"తెలిసిపోనాదేటి బావా?"

వయసులో ఉండగా ఆయన ఓడల అడుగున తుప్పు కొట్టే పని చేశారు. ఏళ్ళ తరబడి ఆ సుత్తుల చప్పుడు సన్నని ధ్వనులన్నిటినీ ఆయన చెవుల్లోంచి తుడిచేసింది. ప మోత బాగానే వినిపించేది కానీ స కోత మాత్రం అసలు వినిపించేది కాదు.

"పదిమందికీ తెలిస్తే నా గది తలుపు తట్టేవోడుండడు" అన్నారు.

ఆనాటి నుంచి ఆయన స నేనే. పాటలో స కోయగానే బల్ల కింద నా మోకాలితో ఆయన మోకాలు తట్టేవాణ్ణి. ఆయన గంభీరంగా చెయ్యెత్తి టేపు ఆపి, "అమ్మా, మొకం కొంచెం పక్కకి తిప్పండి" అనేవారు. ఎవరికీ అనుమానం రాకూడదని నేను ఊరంతా ఆయన చెవుల మహిమ ప్రచారం చేశాను. లోకం నమ్మింది.

రెండేళ్ళ కిందట కృపమ్మ టీచరు వచ్చారు, చర్చిలో ఆడవాళ్ళ పాటల బృందానికి పెద్ద. ముందు పళ్ళు పోయి కొత్తవి కట్టించుకున్నారు.

"పళ్ళు మార్చాక నా గొంతు నాకే కొత్తగా ఉంది మాస్టారూ. ఇంకా పాడొచ్చో, మానేయాలో మీరే చెప్పాలి. మీ మాటే నాకు ప్రమాణం."

"నాను సెప్తాను కదమ్మా, పాడండి" అన్నారాయన.

ఆ ఉదయమే మరొకరి ముందు మాస్టారు నన్ను వేళాకోళం చేశారు. "వీడి సెవులు కళ్ళజోడు తగిలించుకోడానికే" అన్నారు. ఉత్త హాస్యమే, అయినా నాకు పౌరుషం వచ్చింది. చూద్దాం, నేను లేకుండా ఏం చేస్తారో అని మోకాలు కదపలేదు. ఆవిడ కొత్తపళ్ళ సందుల్లోంచి స కోస్తూనే ఉంది. తల కాస్త పక్కకి తిప్పితే సరిపోయేది. మాస్టారు పాట చివర్న "భేష్" అన్నారు.

ఆదివారం చర్చిలో ఆ క్యాసెట్టు అందరిముందూ వేశారు. పిల్లలు కిసుక్కున నవ్వారట. కృపమ్మ గారు ఎవరినీ నిందించలేదు. "మాస్టారి చెవికి అందని దోషం ఉంటుందా? దయతలచి ఊరుకున్నారు. లోపం నాదే" అని బృందం మానేశారు.

ఆ కబురు విని మాస్టారు నన్నొకటే అడిగారు. "ఆవేళ నీ మోకాలు నిద్దరోయిందేటి బావా?" జవాబు కోసం ఆగలేదు. ఆవిణ్ణి బతిమాలి చర్చికి రప్పించి, ఆడవాళ్ళందరి ముందూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తల్లీ, నాకు స ఇనపడదు. ఎప్పుడో పోనాది. మీ గొంతుకేటీ అవలేదు."

ఒకామె నవ్వేసింది. "సూడండే, మాస్టారెంత మంచోరో! నిందంతా తన మీదేసుకుంటన్నారు."

కృపమ్మ గారు నావైపు తిరిగారు. "మీరు రోజూ పక్కనే ఉంటారు కదా. నిజమేనా?"

ఔనంటే మాస్టారి పేరు పోతుంది, నా నేరమూ బయటపడుతుంది. "మాస్టారికి వినయం ఎక్కువమ్మా" అన్నాను.

అందరూ నవ్వారు, ఆవిడ తప్ప. తిరిగొచ్చాక మాస్టారు గది మెట్ల దగ్గర ఆగి అన్నారు.

"నా పేరు కాపాడీసినావు. ఆవిడ పాట పోనాది."

ఆ తర్వాత రెండుసార్లు ఆయన ఆవిడ ఇంటికి వెళ్ళారు. ఆవిడ టీ ఇచ్చారే గాని, పాడలేదు. మాస్టారు నన్ను మాత్రం మళ్ళీ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పరుల దోషాన్ని తన నెత్తిన వేసుకోగల అటువంటి మహానుభావుడు మన ఊరికి మళ్ళీ దొరకడు. ఆ కుర్చీలో మరొకరిని ఊహించుకునే ఓపిక కూడా నాకు లేదు.

కృపమ్మ గారూ, మాస్టారు మీకు చెప్పింది అక్షరాలా నిజం. అబద్ధమాడింది నేను. మీ గొంతులో ఏ లోపమూ లేదు. ఇదంతా ఒప్పుకున్నాక ఊళ్ళో నా మాట ఎవరూ నమ్మరని తెలుసు, నమ్మమని ఇంతవరకు ఎవరినీ అడగలేదు కూడా. ఈ ఒక్కటి నమ్మి, వచ్చే ఆదివారం పాడండి. నేను బయట మెట్ల మీద కూర్చుని వింటాను.